హల్లా: జడ రొట్టె, దాని వెనకున్న నియమాలు

హల్లా అనేది యూదులు సబ్బాతు నాడు, పండుగ రోజుల్లో భోజనం మొదలుపెట్టే ముందు ఆశీర్వచనం పలికి విరిచే రొట్టె. సబ్బాతు అంటే శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం చీకటి పడేదాకా సాగే విశ్రాంతి దినం. మధ్య ఐరోపా, తూర్పు ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదులు గోధుమపిండిలో గుడ్లు, నూనె, కాస్త చక్కెర లేదా తేనె కలిపి, ఈస్ట్‌తో పొంగించి, మూడు, నాలుగు లేదా ఆరు పాయల జడగా అల్లి, పైన గుడ్డుసొన పూసి, గసగసాలో నువ్వులో చల్లి ఓవెన్‌లో కాలుస్తారు. అమెరికా దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. అందుకే హల్లా అనగానే నిగనిగలాడే జడ కళ్లముందు మెదులుతుంది. చాలా వంట పుస్తకాలు పిండి సంగతి నాలుగు ముక్కల్లో తేల్చేసి అల్లిక బొమ్మలకు పేజీలు కేటాయిస్తాయి. ఈ వ్యాసం వాదన వేరు. హల్లా చరిత్రలో జడ చివరగా వచ్చి చేరింది. దానికంటే పాతవీ, దానికంటే గట్టివీ మూడు నియమాలున్నాయి: పిండిలోంచి ఒక ముద్ద తీసి వేరుచేయడం, బల్ల మీద రెండు రొట్టెలు పెట్టడం, పిండిలో పాలూ వెన్నా కలపకపోవడం. ఇంట్లో హల్లా చేసేవారు ఎంత పిండి తీసుకోవాలి, ఏ కొవ్వు వాడాలి, ఎప్పుడు పిసకాలి అన్నవి చాలావరకు ఈ నియమాల నుంచే పుట్టాయి. వాటి వల్ల తయారైన పిండి మీదే జడ కూడా నిలబడింది.

ముద్ద తీసే నియమం బైబిలు నాటిది. సంఖ్యాకాండం 15వ అధ్యాయంలో, వాగ్దాన భూమికి చేరాక అక్కడి ఆహారం తినేటప్పుడు పిండిముద్దలో మొదటి భాగాన్ని దేవుడికి అర్పణగా తీయాలన్న ఆజ్ఞ ఉంది. తెలుగు బైబిలు చదివేవారికి ఇది పరిచితమే. రోమీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో పౌలు చేసే ముద్ద ఉపమానానికి ఆధారం ఈ ఆచారమే. హల్లా అన్న పేరు మొదట ఈ తీసిపెట్టిన ముద్దది. రొట్టెకు అది చాలా తర్వాత సంక్రమించింది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో ఈ ఒక్క విషయానికే ఒక ప్రకరణం ఉంది. ఇంటి యజమాని పిండిలో 24వ వంతు, అమ్మకానికి చేసే రొట్టెలవాడు 48వ వంతు యాజకుడికి ఇవ్వాలని అది చెబుతుంది. ఏ ధాన్యాలకు ఈ నియమం వర్తిస్తుందో కూడా అక్కడే ఉంది: గోధుమ, బార్లీ, మరో మూడు ధాన్యాలు. వాటిని స్పెల్ట్, రై, ఓట్స్‌గా సంప్రదాయం గుర్తిస్తుంది. బియ్యం, చిరుధాన్యాలు, నువ్వులు, పప్పులు ఈ నియమం కిందికి రావని స్పష్టంగా మినహాయించింది. మిష్నా మీద సాగిన చర్చల సంకలనమైన తాల్ముద్‌లోని పండితులు చెప్పిన కారణం, ఆ ఐదూ నీటితో కలిస్తే పులిసి పొంగుతాయనీ, మిగిలినవి పాడవుతాయే తప్ప పొంగవనీ. గ్లూటెన్ అన్న మాట పుట్టకముందే పిండి ప్రవర్తనను చూసి గీసిన గీత ఇది. ఆధునిక రసాయనశాస్త్రంతో అది అన్నిచోట్లా అతకదు. ఓట్స్‌లో గోధుమలో ఉండే గ్లూటెన్ లేదు. అయినా వరిపిండి, జొన్నపిండి చేతిలో పడి పెరిగిన మన వంటకు, రొట్టె పొంగే సంప్రదాయానికి మధ్య ఉన్న అసలు తేడాను ఆ పండితులు సరిగ్గానే పట్టుకున్నారు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చాక యాజకుడు ఆ ముద్దను శుద్ధితో తినే వీలు పోయింది. నియమం మాత్రం పోలేదు. ఇప్పుడు నిమ్మకాయ కంటే చిన్న ముక్క తీసి, ఆశీర్వచనం చెప్పి, కాల్చేస్తారు. ఇజ్రాయెల్ వెలుపల ఇది బైబిలు విధి కాదు. ఆచారం మరుగున పడకూడదని పండితులు విధించినది.

రెండో నియమం రెండు రొట్టెలది. నిర్గమకాండం 16వ అధ్యాయంలో ఎడారిలోని ఇశ్రాయేలీయులకు రోజూ మన్నా అనే ఆహారం కురుస్తుంది. ఆరో రోజున రెండింతలు దొరుకుతుంది, ఏడో రోజున కురవదు. దాని జ్ఞాపకంగా సబ్బాతు భోజనంలో రెండు రొట్టెల మీద ఆశీర్వచనం చెప్పాలని తాల్ముద్‌లో రబ్బీ అబ్బా పేరిట ఉంది. రెండూ కోయని, విరవని పూర్తి రొట్టెలు కావాలి. మన్నాకు పైనా కిందా మంచు పొర ఉండేదన్న వివరణను బట్టి రొట్టెలకు కింద పలకా పైన గుడ్డా అమరుస్తారు. మన్నా కొత్తిమీర గింజలా తెల్లగా ఉండేదన్న వర్ణనకు గుర్తుగా పైన గసగసాలు, నువ్వులు చల్లుతారని చాలామంది అంటారు. ఇక్కడ గమనించాల్సింది, ఈ సాహిత్యంలో రొట్టె ఆకారం గురించి పట్టింపు లేకపోవడం. ఎన్ని ఉండాలో చెప్పారు, పూర్తిగా ఉండాలన్నారు, ఎప్పుడు విరవాలో చెప్పారు. అల్లమని ఎక్కడా అనలేదు. మిష్నా, తాల్ముద్‌ల కాలంలో పాలస్తీనా, బాబిలోనియా యూదులు తిన్నవి ఎక్కువగా పొయ్యి గోడకు కొట్టి కాల్చే పలచటి రొట్టెలు. అలాంటివి రెండు పెట్టే వారు సబ్బాతు పాటించారు.

జడకు సంబంధించిన ఆధారాలు 15వ శతాబ్దపు ఆస్ట్రియా, దక్షిణ జర్మనీల వైపు చూపుతాయి. వీనర్ నోయ్‌స్టాట్‌లో ఉన్న ఇస్రాయెల్ ఇస్సెర్లైన్ ఆ కాలపు పెద్ద ధర్మశాస్త్రవేత్త, 1460లో మరణించాడు. ఆయన ఇంట్లో ఉండి చదువుకున్న యోసెఫ్ బెన్ మోషె, గురువు రోజువారీ నడవడికను ‘లెకెత్ యోషెర్’ అనే గ్రంథంలో రాసిపెట్టాడు. శుక్రవారం శుక్రవారం ఆయన కోసం గుడ్లు, నూనె, కొద్దిగా నీళ్లతో పిసికిన మూడు హల్లాలు చేసేవారని అందులో ఉంది. ఈ చిన్న వివరానికి విలువ ఎక్కువ. ఇప్పుడు మనం హల్లా పిండి అని పిలిచేది అప్పటికే తయారై ఉంది: గుడ్లున్నాయి, నూనె ఉంది, పాలు లేవు. హల్లా అన్న పేరూ ముద్ద నుంచి రొట్టెకు మారింది. ఆ వర్ణనలో జడ లేదు. చుట్టూ ఉన్న జర్మన్ భాషా ప్రాంతాల్లో క్రైస్తవులు పండుగలకు జడ రొట్టెలు చేసేవారు. స్విట్జర్లాండ్‌లో ఆదివారం ఉదయం తినే త్సోఫ్, ఆస్ట్రియాలో సకల పరిశుద్ధుల పండుగకు చేసే ష్ట్రీత్సెల్ ఈనాటికీ ఉన్నాయి. పొరుగువారి బల్ల మీది ఆ ఆకారమే యూదుల బల్ల మీదికి వచ్చిందని ఆహార చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. ‘ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ జ్యూయిష్ ఫుడ్’ రాసిన గిల్ మార్క్స్ కూడా ఈ వైపే మొగ్గాడు. జర్మన్ స్త్రీలు ఒక దేవతకు తమ జడను అర్పించే ఆచారం రొట్టెగా మారిందన్న కథ కూడా ప్రచారంలో ఉంది. దానికి నేరుగా చూపగలిగే సాక్ష్యం లేదు. పండుగ రొట్టెను అందంగా చేయాలనుకున్న ఏ రొట్టెలవాడికైనా సాగే పిండి చేతిలో ఉంటే అల్లాలనే తోస్తుంది, అందుకు దేవత కథ అక్కర్లేదు.

జడ అరువు తెచ్చుకున్నదైతే ఈ రొట్టెలో యూదుల సొంతం ఏముంది అన్నది మొదట ఎదురయ్యే ఆక్షేపణ. జవాబు పిండిలోనే ఉంది. త్సోఫ్‌లో పాలూ వెన్నా తప్పనిసరి. దాని రుచి, మెత్తదనం వాటివే. హల్లాలో ఆ రెండూ ఉండవు, వాటి చోట నీళ్లూ నూనే ఉంటాయి. ఇదే మూడో నియమం: మాంసాన్ని పాలతో కలిపి తినకూడదు కాబట్టి పాలతో పిండి పిసకవద్దని తాల్ముద్ చెప్పింది. రొట్టె ప్రతి భోజనంలోనూ ఉంటుంది కాబట్టి పాల రొట్టెను తెలియక మాంసంతో తినేస్తారని భయం. పాల రొట్టెకు ప్రత్యేకమైన ఆకారం ఇచ్చి వేరుగా గుర్తుపట్టేలా చేస్తేనో, కొద్ది మోతాదులో చేస్తేనో తర్వాతి ధర్మశాస్త్రాలు మినహాయింపు ఇచ్చాయి. సబ్బాతు రాత్రి భోజనంలో మాంసమో కోడో ఉండడం రివాజు. కాబట్టి పొరుగింటి జడ లోపలికి రాగానే దాని వెన్న బయటికి పోయింది. రెండు రొట్టెలను పక్కపక్కన పెడితే ఆకారంలో తేడా చెప్పడం కష్టం, కొరికితే వెంటనే తెలుస్తుంది. ఏది అరువు, ఏది సొంతం అన్నదాన్ని ఆకారాన్ని బట్టి తేల్చలేం. అరువు తెచ్చుకున్నదాన్ని ఏ నియమం కింద మార్చుకున్నారో చూడాలి.

మరో ఆక్షేపణ సంప్రదాయం లోపలి నుంచే వస్తుంది: గుడ్లూ చక్కెరా నూనే ఇంత కలిస్తే అది రొట్టె ఎలా అవుతుంది, కేకు కదా? ఇది మాట వరసకు అడిగింది కాదు. రొట్టెకు చెప్పే ఆశీర్వచనం వేరు, కేకుకు చెప్పేది వేరు. కేకు మీద సబ్బాతు భోజనం మొదలుపెట్టలేరు. 16వ శతాబ్దంలో గలిలయలోని సఫెద్‌లో ‘షుల్హాన్ అరూఖ్’ అనే ధర్మశాస్త్ర సంగ్రహం రాసిన యోసెఫ్ కారో, పిండిలో కలిపిన తేనె, నూనె, పాల వంటి వాటి రుచి తెలిసేంతగా ఉంటే అది రొట్టె కిందికి రాదన్నాడు. దానికి పోలండ్ యూదుల ఆచారాన్ని జోడించిన క్రాకోవ్ పండితుడు మోషె ఇస్సెర్లెస్, అవి పిండిని మించిపోయేంతగా ఉంటేనే కేకు అవుతుందన్నాడు. అందువల్ల ఈనాటికీ కారోను అనుసరించే సెఫార్దీ (స్పెయిన్ మూలాలున్న), పశ్చిమాసియా యూదు కుటుంబాలు చాలావరకు తీపి తెలియని నీటి హల్లానే వాడతాయి, అష్కెనాజీలు గుడ్ల హల్లాను నిశ్చింతగా రొట్టెగా భావిస్తారు. ఈ తీపి కూడా అన్ని కాలాల్లో ఒకేలా లేదు. 1747లో బెర్లిన్‌లో ఆండ్రియాస్ మార్‌గ్రాఫ్ బీట్ దుంపలో చక్కెర ఉందని నిరూపించాడు, 19వ శతాబ్దం మొదట్లో సైలీషియాలో ఫ్రాంత్స్ కార్ల్ ఆఖార్డ్ తొలి బీట్ చక్కెర ఫ్యాక్టరీ నడిపాడు. తర్వాత చక్కెర పరిశ్రమ విస్తరించిన పోలిష్ ప్రాంతాల్లో యూదుల వంటలు తీపెక్కాయి; చేపల వంటకాల్లో కూడా చక్కెర పడింది. లిథువేనియా వైపు మిరియాల ఘాటు నిలిచింది. దక్షిణ జర్మనీలో బెర్ఖెస్ అనే పేరుతో చేసేది జడ రొట్టే, కానీ గుడ్లు ఉండవు, చాలాసార్లు ఉడికించిన బంగాళాదుంప కలుపుతారు. యెమెన్ యూదులు మూత బిగించిన గిన్నెలో రాత్రంతా సన్నటి వేడి మీద కుబానె కాలుస్తారు. ఇథియోపియా యూదులకు గుండ్రటి దాబో. ఇరాక్ యూదులకు పలచటి రొట్టెలు. ఇవన్నీ సబ్బాతు రొట్టెలే. జడ ఉండి గుడ్లు లేనిదీ ఉంది, రెండూ లేనిదీ ఉంది. రెండు రొట్టెల నియమం, ముద్ద తీసే నియమం మాత్రం వీటన్నిటికీ ఉమ్మడి.

వంటగదిలో నిలబడ్డవారికి ఈ నియమాలతో పనేమిటి అనవచ్చు. ముద్ద తీయడానికి ఒక కనీస పరిమాణం ఉంది. మధ్యయుగపు పండితులు దాన్ని 43 గుడ్లకు కాస్త ఎక్కువైన ఘనపరిమాణంగా లెక్కగట్టారు. ఇప్పటి ఇళ్లలో ఎక్కువగా పాటించే లెక్క ప్రకారం సుమారు 1.2 కిలోల పిండి దాటితే ఆశీర్వచనం లేకుండా ముద్ద తీస్తారు, సుమారు 1.67 కిలోలు దాటితే ఆశీర్వచనంతో తీస్తారు. ఇంతకంటే పెద్ద కొలత పాటించేవారూ ఉన్నారు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి అరకిలో పిండితో రెండు చిన్న రొట్టెలు చాలు. అప్పుడు ముద్ద తీసే విధే లేదు. అలాంటప్పుడు దాన్ని హల్లాకు ప్రాణమని ఎలా అంటామన్న ప్రశ్న సబబైనదే. కానీ ఆచరణను చూస్తే ఈ కొలతే ఇంటి పద్ధతిని నడిపించినట్టు కనిపిస్తుంది. అమెరికా యూదుల ఇళ్లలో ఐదు పౌండ్ల పిండి సంచి, అంటే సుమారు 2.27 కిలోలు, ఒకేసారి కలిపే వంటవిధానాలు విస్తారంగా ఉన్నాయి. ఆశీర్వచనం చెప్పే అర్హత కోసమే అంత పిండి తీసుకుంటారు. అంత పిండితో ఏడెనిమిది రొట్టెలు వస్తాయి కాబట్టి కొన్ని ఫ్రీజర్‌లోకి, కొన్ని పొరుగింటికి, కొన్ని జబ్బుపడ్డవారి ఇంటికి, బాలింత ఇంటికి వెళతాయి. పంచుకునే అలవాటుకు దయ ఒక్కటే కారణం కాదు, దాని కింద ఈ కొలత కూడా ఉంది. మిష్నా ఈ ముద్ద తీయడాన్ని సబ్బాతు దీపంతో పాటు స్త్రీలకు ప్రత్యేకించిన మూడు విధుల్లో ఒకటిగా చెప్పింది. పిండి ఎవరిదైతే విధి వారిదే, పురుషుడు పిసికినా తీయాల్సిందే. అయినా శతాబ్దాలుగా ఈ పని స్త్రీల చేతిలో ఉండటం వల్ల ధర్మశాస్త్రంలోని ఒక అధ్యాయం వంటింట్లో బతికింది. రబ్బీల వాదనలకు గ్రంథాలున్నాయి, ఈ చేతుల జ్ఞానానికి చాలాకాలం గ్రంథం లేదు. హల్లా గురించి రాసేవారు ఈ అసమానతను గుర్తుంచుకోవాలి.

సబ్బాతులో నిషిద్ధమైన 39 పనుల జాబితాలో పిసకడం, కాల్చడం రెండూ ఉన్నాయి. అందువల్ల శుక్రవారం పొద్దు కుంకేలోపు పొయ్యి పని ముగియాలి. ఆ రొట్టె శనివారం మూడో భోజనం దాకా తినేలా ఉండాలి. నీళ్లూ పిండీ ఉప్పూ మాత్రమే ఉన్న రొట్టె మర్నాటికి గట్టిపడుతుంది, ఎందుకంటే కాలినప్పుడు ఉబ్బిన పిండిపదార్థం చల్లారాక మళ్లీ స్ఫటికాలుగా బిగుసుకుంటుంది. నూనె, చక్కెర, పచ్చసొనలోని లెసితిన్ ఆ బిగుసుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. గుడ్ల హల్లా విలాసమన్నది నిజమే, పేదల ఇళ్లలో వారమంతా నల్ల రై రొట్టె తిని సబ్బాతుకు మాత్రమే తెల్లపిండి కొనేవారు. కానీ ఆ విలాసం ఈ నిషేధానికి చక్కగా సరిపోయింది.

ఇంట్లో చేసుకోవడానికి అరకిలో కొలత ఇలా ఉంటుంది: పిండి 500 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7 గ్రాములు, చక్కెర లేదా తేనె 65 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు, రెండు గుడ్లు, అదనంగా ఒక పచ్చసొన, వాసన లేని నూనె 75 గ్రాములు, నీళ్లు 170 నుంచి 180 గ్రాములు. పైన పూయడానికి మరో గుడ్డు. ముద్ద తీయాలనుకునేవారు అన్నిటినీ మూడున్నర రెట్లు చేస్తే పిండి 1.75 కిలోలవుతుంది, ఆరేడు రొట్టెలొస్తాయి. ప్రతి గుడ్డునూ ముందు వేరే గాజుగ్లాసులో పగలగొట్టి రక్తపు చుక్క లేదని చూసుకోవడం యూదుల వంటింటి క్రమం. ధర్మం సంగతి అటుంచినా అది మంచి అలవాటు. అమెరికాలో బ్రెడ్ ఫ్లోర్ పేరుతో అమ్మే పిండిలో ప్రోటీన్ 12 శాతం పైన ఉంటుంది. మన మైదాలో సాధారణంగా 10, 11 శాతం మధ్య ఉంటుంది కాబట్టి నీళ్లు 160 గ్రాములతో మొదలుపెట్టి, చాలకపోతే చెంచాడు చెంచాడుగా కలుపుకోవాలి. ఇక్కడ జాగ్రత్త అవసరం. జడ నిలవాలంటే ముద్ద గట్టిగా ఉండాలి, మరీ పొడిగా ఉంటే పాయలు చివర్లలో అతుక్కోవు, జారిపోతాయి. చేతికి కాస్త జిగురుగా తగిలి, లాగితే అంటుకోకుండా వదిలే స్థితి సరైనది. కలిపాక పది పన్నెండు నిమిషాలు పిసకాలి. చిన్న ముక్కను రెండు చేతులతో సాగదీస్తే తెగకుండా వెలుగు కనిపించేంత పలచటి పొరగా రావాలి. నూనెను మొదట్లోనే పోస్తే గ్లూటెన్ పోగులు కట్టడం ఆలస్యమవుతుంది, పిండి కాస్త కూడుకున్నాక కలిపితే పని తేలిక. నూనె వాడకం కూడా జడకు కలిసొచ్చింది: వెన్న పిండి చేతి వేడికి మెత్తబడి జారుతుంది, చల్లబడితే బిగుసుకుంటుంది, నూనె పిండి అల్లుతున్నంతసేపూ ఒకేలా ఉంటుంది. నియమం కోసం మార్చిన కొవ్వు అల్లే చేతికి సాయపడింది.

చక్కెర పిండి బరువులో పదో వంతు దాటితే ఈస్ట్ నుంచి నీటిని లాగేసి దాని వేగాన్ని తగ్గిస్తుంది. ఈ కొలతలో చక్కెర 13 శాతం కాబట్టి మామూలు బ్రెడ్ కంటే హల్లా నెమ్మదిగా పొంగుతుంది. 26 డిగ్రీల దగ్గర మొదటి పొంగుకు గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. వేసవిలో 38 డిగ్రీలుండే హైదరాబాద్, విజయవాడ వంటిళ్లలో ఇది గంటలోపే అయిపోవచ్చు. అప్పుడు ఈస్ట్‌ను సగానికి తగ్గించి చల్లటి నీళ్లు వాడటం మేలు. అంతకంటే మంచి దారి, గురువారం రాత్రి పిసికి ఫ్రిజ్‌లో ఉంచి శుక్రవారం అల్లడం. చలిలో ఈస్ట్ మందగించి పిండి నెమ్మదిగా పులుస్తుంది, రుచి పెరుగుతుంది, చల్లటి పిండి పాయలుగా తేలికగా సాగుతుంది. వారం పనుల మధ్య సబ్బాతుకు సిద్ధమయ్యే ఇళ్లకు ఇది కుదిరిన పద్ధతి. ఈ సౌకర్యం పాతది కాదు. పూర్వం ఇళ్లలో పులిసిన పిండి మిగుల్చుకునేవారు, లేదా బీరు తయారీలో తేలే ఈస్ట్ నురుగు తెచ్చుకునేవారు. ఆస్ట్రో-హంగేరియన్ యూదు కుటుంబానికి చెందిన చార్లెస్ ఫ్లైష్‌మన్ 1868లో అమెరికాలోని సిన్సినాటీలో అదిమిన ఈస్ట్ దిమ్మలు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ తర్వాతే అమెరికా ఇంట్లో రొట్టె ఎప్పుడు పొంగుతుందో ముందే చెప్పగలిగారు. సూర్యాస్తమయంతో పోటీపడే రొట్టెకు ఆ నమ్మకం చాలా అవసరం.

పొంగిన ముద్దను తూకం వేసి సమాన భాగాలు చేయాలి. కంటి అంచనాతో చేస్తే జడ ఒకవైపు ఒరుగుతుంది. ఒక్కో భాగాన్ని చదునుగా అదిమి, చాపలా చుట్టి, రెండు చేతులతో దొర్లిస్తూ 35, 40 సెంటీమీటర్ల పాయగా సాగదీయాలి, మధ్యలో లావుగా చివర్లలో సన్నగా. వెనక్కి ముడుచుకుపోతుంటే బలవంతం చేయకుండా పది నిమిషాలు గుడ్డ కప్పి వదిలేస్తే గ్లూటెన్ బిగువు సడలుతుంది. మూడు పాయలది తలజడ అల్లినట్టే. ఆరు పాయలకు ఒక సులువైన సూత్రం ఉంది: అన్నిటినీ పైన కలిపి నొక్కి, కుడి చివరి పాయను ఎడమవైపు రెండిటి మీదుగా, ఒకదాని కిందుగా, మళ్లీ రెండిటి మీదుగా తీసుకెళ్లాలి, ప్రతిసారీ కొత్తగా కుడి చివరకు వచ్చిన పాయతో ఇదే చేయాలి. వదులుగా అల్లాలి, ఎందుకంటే పాయలు ఇంకా ఉబ్బాలి. బిగించి అల్లినదీ, రెండో పొంగు చాలకుండా ఓవెన్‌లోకి వెళ్లినదీ అతుకుల దగ్గర చిట్లుతాయి. ఆరు పాయల రొట్టెలు రెండు పెడితే 12 పాయలవుతాయి, అవి లేవీయకాండంలో చెప్పిన 12 సన్నిధి రొట్టెలకు గుర్తు అంటారు. జడకు అర్థం లేదన్న వాదనకు దీన్ని జవాబుగా చూపుతారు. అది అందమైన అర్థమే, గౌరవించదగినదే. కాకపోతే కాలక్రమంలో అది జడ తర్వాత వచ్చింది. 12ను గుర్తుచేసుకోవాలనుకున్న 16వ శతాబ్దపు సఫెద్ మార్మికుడు ఇస్సాక్ లూరియా సంప్రదాయంలో బల్ల మీద 12 రొట్టెలే పేర్చారు, పాయలు లెక్కపెట్టలేదు. ఒక ఆకారం ఇళ్లలో స్థిరపడ్డాక దానికి అర్థం వెతికి ఇవ్వడం అన్ని సంప్రదాయాల్లోనూ ఉన్నదే. ఆ వెతుకులాట ప్రేమకు సాక్ష్యం, మూలానికి కాదు.

అల్లిన వెంటనే చిటికెడు ఉప్పు వేసి గిలకొట్టిన గుడ్డు పలచగా పూయాలి. ఉప్పు సొనను పలచబరుస్తుంది, బ్రష్‌కు సాగుతుంది. గంట, గంటన్నర పొంగాక, వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా సగం వరకు పూడే దశలో, మరోసారి పూసి గింజలు చల్లాలి. రెండోసారి పూయకపోతే పొంగినప్పుడు బయటపడ్డ అతుకులు తెల్లగా ఉండిపోతాయి. 175, 180 డిగ్రీల మధ్య 30 నుంచి 35 నిమిషాలు కాల్చాలి. గుడ్డు, చక్కెర ఉన్నందువల్ల పైన త్వరగా ఎర్రబడుతుంది, లోపల పాయలు కలిసే చోట పిండి పచ్చిగా ఉండిపోతుంది. ఇంటి హల్లాల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. రంగును నమ్మకుండా మధ్యలో థర్మామీటర్ గుచ్చి 88 నుంచి 93 డిగ్రీలు చూపిందాకా ఉంచాలి, అవసరమైతే పైన రేకు కప్పాలి. మిగిలిన రొట్టెను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. పిండిపదార్థం బిగుసుకోవడం ఆ చలిలోనే అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. ఒక రోజుకైతే గది వేడిమి, ఎక్కువ రోజులకైతే ఫ్రీజర్.

బేకరీలో ఇంతకంటే చక్కటి జడ దొరుకుతుంది, అక్కడా ముద్ద తీస్తారు, ఇక ఇంట్లో చేయడం దేనికి అన్న ఆక్షేపణ మిగిలింది. జడే హల్లా అయితే ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఇంటి చేయి బేకరీ చేతితో అందంలో పోటీపడలేదు. కానీ ముద్ద తీసే విధి పిండి యజమానిది. కొన్న రొట్టెలో ఆ పని ఇంకెవరో చేసేసి ఉంటారు, కొన్నవారికి మిగిలేది తినడమే. 2013లో దక్షిణాఫ్రికాలో మొదలై అనేక దేశాలకు పాకిన షబ్బత్ ప్రాజెక్ట్‌లో వందల, వేల మంది స్త్రీలు ఒకేచోట చేరి పిండి పిసుకుతారు; ఆ సమావేశాల్లో అందరూ కలిసి ఆశీర్వచనం చెప్పేది ముద్ద తీసేటప్పుడే. 2004లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ కళాశాలలో మొదలైన ‘హల్లా ఫర్ హంగర్’ విద్యార్థి ఉద్యమం రొట్టెలు చేసి అమ్మి ఆ డబ్బును సేవకు ఇచ్చింది. పిండిలో మొదటి భాగం తనది కాదన్న పాత భావానికి అది దగ్గరి చుట్టం.

ఆకారం మారినా నియమం మారదనడానికి యూదుల పంచాంగమే పెద్ద ఆధారం. కొత్త సంవత్సరానికి హల్లాను జడగా కాక గుండ్రటి చుట్టగా చేస్తారు, ఎండుద్రాక్ష కలుపుతారు, ఉప్పుకు బదులు తేనెలో అద్దుతారు. యోమ్ కిప్పూర్ ఉపవాసానికి ముందు భోజనానికి తూర్పు ఐరోపాలో కొన్నిచోట్ల నిచ్చెన ఆకారంలో, పక్షి ఆకారంలో చేసేవారు. పస్కా పండుగ ఎనిమిది రోజుల్లో, ఇజ్రాయెల్‌లో ఏడు రోజుల్లో, పొంగిన రొట్టె ఇంట్లోనే ఉండకూడదు. ఈస్ట్ లేదు, జడ లేదు, పిండికి నీళ్లు తగిలిన 18 నిమిషాల్లో కాల్చేయాల్సిన పలచటి మత్సా తప్ప మరో రొట్టె లేదు. ఆ మత్సా పిండిలోంచి కూడా ముద్ద తీస్తారు. ఆ వారంలో వచ్చే సబ్బాతుకు గుడ్డ కింద రెండు మత్సాలే పెట్టి ఆశీర్వచనం చెబుతారు. పండుగ దాటిన తొలి సబ్బాతుకు కొన్ని అష్కెనాజీ ఇళ్లలో తాళంచెవి ఆకారంలో, లేదా తాళంచెవి గుర్తు అద్ది హల్లా చేస్తారు. మామూలు జడ మళ్లీ మరుసటి శుక్రవారానికి వస్తుంది.